మర్సోలే గారి పెండింగు అర్జీ

గౌతమీతీరం జిల్లాలో తీరని కష్టమంటూ లేదు. ఇది పొగడ్తకి అన్న మాట కాదు, కలెక్టరాఫీసు గుమ్మం పక్కన ఎర్రటి అంకెలతో వెలిగే బోర్డు చెప్పే మాట. ఆ బోర్డులో రెండే గళ్ళు. మొదటిది వచ్చిన అర్జీలు, రెండోది పెండింగు. రెండో గడిలో ఎప్పుడు చూసినా సున్నాయే. కుళాయికి నీళ్ళు రావడం లేదని అర్జీ పెట్టుకున్నవాడు బస్సెక్కి ఇంటికి చేరేలోపే 'మీ సమస్య పరిష్కరించబడినది' అని ఫోనుకి సందేశం వచ్చేసేది. కుళాయి సంగతి కుళాయిదే.

అయితే అతి సర్వత్ర వర్జయేత్ అన్నారు. పరిష్కారం మరీ జోరందుకునేసరికి జనానికి విసుగొచ్చి అర్జీలు పెట్టడం మానేశారు. ఒక సోమవారం మొదటి గడిలో కూడా సున్నా పడింది. అర్జీలే లేకపోతే నూటికి ఎన్ని తీర్చామో చెప్పడం ఎలా? చెప్పకపోతే రాష్ట్రంలో మొదటి స్థానం ఎలా? అర్జీల విభాగం ప్రత్యేకాధికారి భవానీశంకరప్రసాదు గారు ఆ పూట భోజనం సరిగ్గా చెయ్యలేదు. మర్నాడు ఉత్తర్వు వచ్చింది.

'ప్రభుత్వ ముద్ర కలిగియున్న ఏ పత్రమునందైనను తీరని బాధ గోచరించినచో, సదరు బాధను అర్జీగా పరిగణించి, పదిహేను పనిదినములలో పరిష్కరించవలెను.'

పాత ఫైళ్ళు వెతికారు. వాటిలోని బాధల్ని చెదలు ఎప్పుడో పరిష్కరించేశాయి. అప్పుడెవరికో గ్రంథాలయం గుర్తొచ్చింది. అక్కడ ప్రతి పుస్తకానికీ మొదట ఒకటి, చివర ఒకటి, మధ్యలో ఎవరికీ తెలియని పుటలో ఒకటి ముద్రలు ఉంటాయి కదా. నవలలు పనికిరాలేదు, పాత్రలన్నీ కేవలం కల్పితం అని ముందే రాసి తప్పించుకున్నాయి. పురాణాల్లో కష్టాలు బోలెడున్నాయిగానీ వాటిని దేవాదాయ శాఖకి బదిలీ చేశారు. స్థానిక ప్రముఖుల జీవిత చరిత్రల జోలికి పోలేదు, మనవలు బతికే ఉన్నారు, చేతులు కూడా ఉన్నాయి.

ఇక మిగిలినవి ఈరంకి మందాకిని గారి మూడు పుస్తకాలు.

మందాకిని గారు మహిళా కళాశాలలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. యానాంలో ఫ్రెంచి బడిలో చదువుకున్న మేనత్త దగ్గర చిన్నప్పుడే ఫ్రెంచి నేర్చుకున్నారు. ఆ పుణ్యాన ముప్ఫై రెండో ఏట పదకొండు నెలలు పారిస్‌లో ఉండి, పాత కాగితాల దుమ్ము పీల్చి, దగ్గూ మూడు పుస్తకాలూ తెచ్చుకున్నారు. మొదటిది, ఇంట్లో కవుల్ని కూర్చోబెట్టుకుని కాఫీలు పోసిన మదాం కుర్విల్ గురించి. రెండోది, ఆడిన ప్రతి నాటకానికీ ఈలలు వేయించుకున్న తెర్నోవ్ గురించి. మూడోది, అటకలాంటి గదిలో క్షయతో పోయిన ఎతియెన్ మర్సోలే అనే కవి గురించి. మూడూ తెలుగులోనే రాశారు. మూడింటి మొదటి పుటలోనూ 'ఇందులో కల్పితం ఒక్కటీ లేదు. ప్రతి మాటకీ ఆధారం అడుగున ఇచ్చాను' అని అచ్చేయించారు.

ఆ పుటలు చూసి భవానీశంకరప్రసాదు గారికి కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఆధారములు జతపరచిన అర్జీలు! నా ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఇట్టివి చూడలేదయ్యా. లెక్కించండి."

లెక్కించే పని సీనియర్ అసిస్టెంటు వాసంశెట్టి ధర్మారావు మీద పడింది. రిటైర్మెంటుకి రెండేళ్ళ దూరంలో ఉన్న మనిషి. మూడు పుస్తకాలూ మొదటి నుంచి చివరిదాకా చదివి, రెండువందల పద్నాలుగు బాధలు తేల్చాడు. బోర్డు మీద రెండు గళ్ళలోనూ 214 వెలిగింది.

మందాకిని గారికి ఈ సంగతేమీ తెలియదు. ఆవిడ వంకాయలు తరుగుతుంటే ఫోను మోగింది.

"అమ్మగారాండి? నా పేరు ధర్మారావండి. మీ పుస్తకం చదివేనండి."

కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది. పుస్తకాలొచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఆవిష్కరణ సభలో నలుగురు మాట్లాడారు. ముఖ్య అతిథి తన పారిస్ యాత్ర గురించి ముప్పావుగంట చెప్పి, అక్కడ మంచినీళ్ళ సీసా ఎంత ఖరీదో వివరించి, పుస్తకం విప్పకుండానే శాలువా కప్పారు. పత్రికలవాళ్ళు 'అందుకున్నాం' అని వేశారు. అమ్ముడవగా మిగిలినవి మంచం కింద కట్టలుగా ఉన్నాయి. అల్లుడు ఒక కట్టని స్టూలులా వాడతాడు. 'చదివాను' అన్న మాట మాత్రం ఇదే వినడం.

"ఏ పుస్తకం?" అంది ఆవిడ.

"మూడూనండి. కొన్ని సందేహాలున్నాయండి. రావచ్చాండి?"

వంకాయలు నల్లబడిపోయినా ఆవిడ పట్టించుకోలేదు. చీర మార్చుకుని, డికాక్షను వేసి, వాకిట్లో నిలబడింది.

ధర్మారావు రిజిస్టరుతో వచ్చాడు. కాఫీ తాగి, పెన్ను విప్పి, మొహమాటంగా అడిగాడు.

"మదాం కుర్విల్ గారండి. ఆవిణ్ణి చక్రవర్తి గారు పారిస్‌కి నలభై ఆమడల దూరం వెళ్ళగొట్టేరు కదండీ. దీన్ని బదిలీ బాధ కింద రాసేనండి. భర్త పారిస్‌లోనే ఉన్నారు కాబట్టి దంపతుల కోటాలో వెనక్కి వేయించొచ్చంటున్నారు మా సారు."

మందాకిని గారికి విషయం బోధపడటానికి రెండో కాఫీ కావలసి వచ్చింది. బోధపడ్డాక నవ్వొచ్చింది.

"ధర్మారావు గారూ, ఆ మొగుడికి దూరంగా ఉండటం ఆవిడకి బాధ కాదండీ. జీవితంలో ఆవిడ పొందిన హాయి అదొక్కటే. నూట పన్నెండో పుటలో రాశాను."

"ఆయ్, చదివేనండి. నేనూ అదే అన్నానండి. అయితే దాన్ని ప్రశంసగా నమోదు చెయ్యమన్నారండి."

"చదివారా, నిజంగా?"

"చదవకపోతే ఎలా అండి, బాధలన్నీ లెక్కెట్టాలి కదా. మర్సోలే గారి పుస్తకం మాత్రం రెండుసార్లు చదివేనండి. రెండోసారి లెక్క కోసం కాదండి."

ఆవిడ లోపలికి వెళ్ళి, పండక్కి దాచిన జీడిపప్పు పాకం డబ్బా తెచ్చి ఎదుట పెట్టింది. వెళ్ళేముందు అతను ఒక్క మాట అడిగాడు. అర్జీదారు ఫోను నంబరు లేకపోతే రిజిస్టరు ముందుకి కదలదట. చచ్చిన ఫ్రెంచివాళ్ళందరికీ నంబరు ఎక్కడిది? ఆవిడ తన నంబరే ఇచ్చింది. పాపం, మంచికి పోతే చెడు ఎదురవుతుందని అప్పుడు తట్టలేదు.

మూడో రోజు నుంచి ఫోనులో యంత్రం గొంతు మొదలైంది.

"నమస్కారం. తెర్నోవ్ జూల్ గారూ, మీ నాటక ప్రదర్శనలో ఈలలు వేసినవారిపై పోలీసు శాఖ తగు చర్య తీసుకొనియున్నది. పరిష్కారం పట్ల సంతృప్తి చెందినచో ఒకటి నొక్కండి. చెందనిచో రెండు నొక్కండి."

ఆవిడ రెండు నొక్కింది. చరిత్రకారిణి కాబట్టి జరగనిదాన్ని జరిగిందనడం ఆవిడ చేతకాదు. రెండు నొక్కితే అర్జీ తిరిగి తెరుచుకుంటుందనీ, పై అంతస్తుకి పోతుందనీ, పై అంతస్తువాళ్ళు నిజంగానే ఏదో ఒకటి చేస్తారనీ ఆవిడకి తెలియదు. మూడుసార్లు ఫోను ఎత్తకపోతే సంతృప్తి చెందినట్టే లెక్క అని మాత్రం ధర్మారావు చెవిలో వేశాడు. దాంతో ఫోను పట్టుకునే స్నానానికి కూడా వెళ్ళేది.

ఒక ఉదయం సైకిలు మీద క్షయ నివారణ సూపర్‌వైజరు వచ్చాడు.

"మర్సోలే ఎతియెన్, మగ, ముప్ఫై ఒకటి. పేషెంటు ఇంట్లో ఉన్నారాండి?"

"ఆయన పోయి నూట ఎనభై ఏళ్ళయింది బాబూ."

సూపర్‌వైజరు కాగితం వంక చూసి నాలుక చప్పరించాడు. "అంటే మధ్యలో మందు మానేసేరన్నమాట. మానేసినవాళ్ళ ఇంట్లోవాళ్ళకి మేం నచ్చజెప్పాలండి." అరగంట నచ్చజెప్పి, మాత్రలు బల్ల మీద పెట్టి, సంతకం చేయించుకుని వెళ్ళాడు.

ఆ మర్నాడు గృహనిర్మాణ శాఖ జీపు వచ్చింది. ఊరవతల కాలనీలో మర్సోలే గారికి ఇల్లు మంజూరైంది, లబ్ధిదారు ఇంటి ముందు ఫోటో దిగాలి, లేనిచో ఆయన బొమ్మ పట్టుకుని ఇంకొకరైనా దిగాలి. మందాకిని గారు అట్ట మీది బొమ్మ కనబడేలా పుస్తకం గుండెలకి పట్టుకుని నిలబడింది. ఫోటో అయ్యాక తల తిప్పి చూస్తే నాలుగు గోడలే ఉన్నాయి.

"పైకప్పేదీ?"

ఇంజనీరు ఫైలు తిరగేశాడు. "అర్జీదారుకి పైకప్పు కారుతోందని ఫిర్యాదు మేడమ్. పైకప్పు లేకపోతే కారే ప్రశ్నే ఉత్పన్నం కాదు."

ఆవిడ ఇంటికొచ్చి రెండు నొక్కింది.

అలా రెండువందల పద్నాలుగింటికీ రెండు నొక్కేసరికి గౌతమీతీరం జిల్లా రాష్ట్రంలో మొదటి స్థానం నుంచి ఆఖరుకి జారింది. బోర్డు ముందు నిలబడి జనం ఫోటోలు తీసుకోవడం మొదలెట్టారు. ఇక లాభం లేదని భవానీశంకరప్రసాదు గారే శాలువాతో, పళ్ళ బుట్టతో, ధర్మారావుతో ఆవిడ ఇంటికి వేంచేశారు.

"అమ్మా, తమబోటి విదుషీమణి జిల్లా అభివృద్ధికి అవరోధము కారాదు," అంటూ కుర్చీలో సర్దుకున్నారు. "రెండువందల పదమూడు అర్జీలను పరిధి లేని కారణమున ఫ్రెంచి ప్రభుత్వమువారికి బదిలీ చేయుచున్నాము. అవి మనవి కావు. ఇక మీ ఫోను మోగదు."

"చాలా సంతోషమండీ. మరి ఆ ఒక్కటీ?"

"ఆ ఒక్కటే చిక్కు. రెండువందల పద్నాలుగవది. మర్సోలే గారి లేఖ. పద్యములు ఫ్రెంచివైనచో పరిధి వారిది. కాని తమరు వాటిని తెలుగు చేసినారు. తెలుగు పద్యములు, జిల్లా గ్రంథాలయ ముద్ర. కావున బాధ్యత మాది."

మందాకిని గారికి నవ్వు పోయింది. ఆ లేఖ గురించే కదా ఆవిడ మూడో పుస్తకం రాసింది.

పారిస్‌లో ఆఖరి వారం, ఒక సాహిత్య పరిషత్తు పాత కాగితాల్లో ఆవిడకి ఒక కట్ట దొరికింది. మర్సోలే తన పద్యాలు కట్టగట్టి పోటీకి పంపాడు. జవాబు రాలేదు. ఏడు నెలలు చూసి ఒక ఉత్తరం రాశాడు: 'బహుమానం అడగడం లేదు. నా పద్యాలు ఎవరైనా చదివారా? ఒక్క మాట రాయండి, చాలు.' ఆ చలికాలంలోనే పోయాడు. ఆ ఉత్తరం అంచున పరిషత్తు గుమాస్తా ఎర్ర సిరాతో ఒక్క మాట రాశాడు. తెలుగులో చెప్పాలంటే, 'పరిష్కరించబడినది.' పద్యాల కట్టకి మర్సోలే వేసిన ముడి అలాగే ఉంది. ఎవరూ విప్పలేదు. ఆ ముడి విప్పింది మందాకిని. విప్పుతున్నప్పుడు ఏడుపొచ్చింది. కాగితాల మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకుంది. ఇదంతా మూడో పుస్తకం ఆఖరి పుటలో, రెండువందల పదకొండులో ఉంది.

ప్రత్యేకాధికారి గారు జేబులోంచి ఒక చీటీ తీశారు. పరిష్కారమైన అర్జీ తాలూకు ముగింపు వ్యాఖ్యని సంబంధిత పుట మీద అంటించాలని నియమం. జిల్లాలోని మూడువందల గ్రంథాలయ ప్రతుల్లోనూ రెండువందల పదకొండో పుట మీద అంటించబోయే చీటీ అది. అరచెయ్యంత ఉంది. 'సదరు మర్సోలే గారి పద్యములు చదువబడినవి. వ్యాధి నివారణమై, పక్కా గృహమునందు సుఖముగా జీవించుచున్నారు. పరిష్కరించబడినది.'

"ఇది అంటిస్తే ఉత్తరం కనబడదండీ. ఆయన పోయినట్టూ కనబడదు," అంది మందాకిని.

"కనబడకపోవుటయే పరిష్కారము."

"ఆయన ఉత్తరం మీద కూడా ఆ గుమాస్తా ఇదే మాట రాశాడు. చదవకుండానే రాశాడు."

అధికారి గారి మొహం వికసించింది. "అనగా అచటి కార్యాలయమువారు సైతం దీనిని ముగించియున్నారు! అమ్మా, ఇంతటి బలమైన పూర్వోదాహరణ ఉండగా మనకు సంకోచమెందుకు? ధర్మారావూ, రాసుకో."

ధర్మారావు రాసుకోలేదు. పెన్నుకి మూత పెట్టేశాడు.

"ఎవరు చదివారండీ?" అని మందాకిని గట్టిగా అడిగింది. "చదువబడినవి అంటున్నారు. ఎవరు చదివారు? మీరు చదివారా?"

"ప్రత్యుత్తరములందు వ్యక్తుల పేర్లు ఉండరాదమ్మా. సోమవారము పదకొండు గంటలకు ఫోను వచ్చును. తమరు ఒకటి నొక్కవలెను. తమరి నాలుగవ పుస్తకము అచ్చు కావలసియున్నదని విన్నాము. మా శాఖ పక్షమున వేయింతుము. ఆవిష్కరణకు నేనే వచ్చి మాట్లాడెదను."

బీరువాలో నాలుగో పుస్తకం రాతప్రతి ఉన్నమాట నిజమే. అచ్చేయడానికి ఎవరూ ఒప్పుకోనిమాటా నిజమే. ఆవిడకి ఆశ పుట్టలేదంటే అబద్ధం. పుట్టింది, ఒక నిమిషం ఉంది. ఆ తర్వాత రెండువందల పదకొండో పుట మీద మైదా జిగురు పూస్తున్న చెయ్యి కళ్ళ ముందు కదిలింది.

"నేను రెండే నొక్కుతానండి," అంది.

"అటులైన మరల తెరచెదము. మరల ముగించెదము. తమరొక పర్యాయము నిద్రపోకపోదురా?" అని ఆయన పళ్ళబుట్టతో సహా లేచారు. శాలువా మాత్రం కుర్చీ మీద మరిచిపోయారు.

సోమవారం వచ్చింది. మందాకిని గారు పది గంటల నుంచే ఫోను ఒళ్ళో పెట్టుకుని, చూపుడువేలు రెండు మీద ఉంచి కూర్చుంది. పదకొండుకి మోగింది.

"నమస్కారం. మర్సోలే ఎతియెన్ గారూ, మీ అర్జీ సంఖ్య రెండువందల పద్నాలుగు. ముగింపు వ్యాఖ్య ఈ విధంగా ఉన్నది." యంత్రం అదే చప్పిడి గొంతుతో, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా చదివింది. "అయ్యా మీ పద్యాలు చదివానండి. రెండుసార్లు చదివాను. గోడకి అవతల పాప అక్షరాలు దిద్దుతుంటే ఇవతల మీరు కూడా గోడ మీద వేలితో దిద్దారు చూడండి, ఆ పద్యం దగ్గర ఆగిపోయాను. మా అమ్మాయి చిన్నప్పుడు గుర్తొచ్చింది. ఆలస్యానికి క్షమించండి. ఇట్లు వాసంశెట్టి ధర్మారావు, సీనియర్ అసిస్టెంటు. సంతృప్తి చెందినచో ఒకటి నొక్కండి."

మందాకిని గారికి అంకెలు కనబడలేదు. చెంగుతో కళ్ళు తుడుచుకుంది. తను విప్పిన ముడి గుర్తొచ్చింది, ఆ చలి గది గుర్తొచ్చింది. మర్సోలే తరఫున ఒకటి నొక్కింది. గట్టిగా, కాసేపటిదాకా వేలు తియ్యకుండా నొక్కింది.

కలెక్టరాఫీసు బోర్డు మీద పెండింగు సున్నా అయింది. బాజాలు మోగాయి. భవానీశంకరప్రసాదు గారు రాజధానికి వెళ్ళి జ్ఞాపిక అందుకున్నారు. నియమం ప్రకారం, అధికారి గారి చీటీకి బదులు ధర్మారావు ఎక్కించిన ముగింపు వ్యాఖ్యే చీటీలుగా అచ్చయి మూడువందల గ్రంథాలయాలకీ వెళ్ళింది. అక్కడివాళ్ళు దాన్ని చదవకుండా, రెండువందల పదకొండో పుట అడుగున ఉత్తరం కింద ఖాళీ ఉంటే, అక్కడ శుభ్రంగా అంటించారు. ఇప్పటికీ ఉంది. ఎవరైనా పుస్తకం విప్పితే, పైన ప్రశ్నా కింద జవాబూ ఒకే పుటలో కనబడతాయి.

నెల తర్వాత తనిఖీలో ఆ చీటీ బయటపడింది. ధర్మారావుకి మెమో వచ్చింది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని మందాకిని గారింటికి వచ్చాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివింది.

'తాము కార్యాలయ పనివేళలలో రెండు పర్యాయములు పుస్తకములు చదివినట్లు స్వహస్తముతో అంగీకరించియున్నారు. సదరు పుస్తకములు చదువవలసిన అగత్యమేమో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.'

"పెన్షనుకి అడ్డమొస్తుందా?" అంది ఆవిడ గాభరాగా.

"రానివ్వండి. సంజాయిషీ ఇచ్చేసేనండి."

"ఏం రాశారు?"

"ఉన్నదే రాసేనండి. ఆ ఉత్తరానికి జవాబు రాయమన్నారు, జవాబు రాయాలంటే ముందు చదవాలి కదా, అందుకని చదివేను అని."

"ఏమన్నారు మరి?"

ధర్మారావు రెండో జేబులోంచి తన సంజాయిషీ కాగితమే తీసి ఇచ్చాడు. వెనక్కి పంపేశారు. దాని అంచున భవానీశంకరప్రసాదు గారు ఎర్ర సిరాతో ఒక ముక్క రాశారు.

'ఇట్టి విధానము మన కార్యాలయమునందు అమలులో లేదు. ముగించడమైనది.'

మందాకిని గారు ఆ కాగితం మడిచి అతనికిచ్చింది. తర్వాత లేచి బీరువా తెరిచి, నాలుగో పుస్తకం రాతప్రతి బయటికి తీసి, దానికి కట్టిన దారం విప్పకుండానే అతని చేతిలో పెట్టింది.